రెండు స్టాంపుల మధ్య ఇసుక

పాస్‌పోర్టు మీద మొరాకో ఎగ్జిట్ స్టాంపు పడిన రెండు నిమిషాలకే తారు రోడ్డు అయిపోయింది. కత్తిపెట్టి కోసినట్టు అక్కడికక్కడ ఆగిపోయింది. ముందంతా రాతినేల, రాళ్ల మధ్య ఇసుక, ఇసుకలో ఎటుపడితే అటు పోయిన టైర్ల జాడలు. పాత మెర్సిడెస్ టాక్సీలో డ్రైవరు కాక ఆరుగురం ఇరుక్కుని కూర్చున్నాం. నా పక్కన కాసాబ్లాంకాలో బట్టలు కొనుక్కుని డాకర్ తిరిగి వెళ్తున్న సెనెగల్ అక్క, ఆవిడ ఒళ్లో రెండు మూటలు. డ్రైవరు మారిటానియా మనిషి. అద్దంలోంచి నన్ను చూసి, మిత్రమా అన్నట్టు, "సదీఖ్, ఇక్కడ కారు దిగొద్దు, ఎంత అవసరమొచ్చినా దిగొద్దు" అన్నాడు. జాడ తప్పితే కింద మందుపాతరలు.

అది 2019 జనవరి. ఆ చోటు పేరు గెర్గరాత్. ఉత్తరాన మొరాకో ఆధీనంలో ఉన్న పశ్చిమ సహారా, దక్షిణాన మారిటానియా, మధ్యలో నాలుగైదు కిలోమీటర్ల ఎవరి చెక్‌పోస్టూ లేని నేల. ఆ దారిన తిరిగేవాళ్లు దాన్ని కాందహార్ అంటారు. ఆ పేరు వినగానే నాకు 1999 డిసెంబరు, టీవీ ముందు కూర్చుని హైజాకైన మన విమానాన్ని చూసిన రాత్రులు గుర్తొచ్చాయి. ఈ కాందహార్‌లో విమానాలేం లేవు. తుప్పుపట్టిన కార్లు, కాలిపోయిన టైర్లు, పగిలిన టీవీలు, తలుపుల్లేని ఫ్రిజ్‌లు. ఐరోపాలో పాతబడిన కార్లని కింద దేశాలకి తెచ్చి అమ్మే వ్యాపారం ఈ దారిన జోరుగా సాగేది. కాగితాలు కుదరని బండి ఇక్కడే ఉండిపోతుంది.

బండి సంగతి సరే. కాగితాలు కుదరని మనిషి కూడా ఇక్కడే ఉండిపోతాడని ఆ రోజు చూశాను.

దారి మధ్యలో ఒక కారు డొక్కు నీడన ముగ్గురు కుర్రాళ్లు కూర్చుని ఉన్నారు. మా డ్రైవరు జాడ మీదే బండి ఆపి, అద్దం దించి, రెండు సీసాల నీళ్లూ నాలుగు రొట్టెలూ అందించాడు. ఎప్పుడు ఇటొచ్చినా ఇలా తెస్తాడట. వాళ్లలో ఒకడు గినీ దేశం వాడు. ఇరవై రెండేళ్లుంటాయేమో. నన్ను "తోంతో" అని పిలిచాడు, మనం "బాబాయ్" అన్నట్టు. నాది డ్యూటీలో నేర్చుకున్న ఫ్రెంచి, అతనిది బడిలో నేర్చుకున్న ఫ్రెంచి. మాట కలిసింది.

కాసాబ్లాంకాలో అన్న దర్జీ పని చేస్తాడు. అక్కడికి వెళ్తున్నాడు. గినీ వాళ్లకి మొరాకో వెళ్లడానికి వీసా అక్కర్లేదని ఊళ్లో అందరికీ తెలుసు. కానీ 2018 నవంబరు 1 నుంచి గినీ, మాలీ, కాంగో–బ్రాజవిల్ దేశాల వాళ్లు బయల్దేరే ముందే ఆన్‌లైన్‌లో అనుమతి తీసుకోవాలని మొరాకో కొత్త నియమం పెట్టింది. ఇతను ఆ మాట గేటు దగ్గరే మొదటిసారి విన్నాడు. వెనక్కి తిరిగాడు. వెనక మారిటానియా గేటులో ఎగ్జిట్ స్టాంపు అప్పటికే పడిపోయింది. మళ్లీ లోపలికి రావాలంటే కొత్తగా డబ్బు కట్టాలన్నారు. అతని దగ్గర అంత లేదు. అది ఐదో రోజు.

ఈ కుర్రాడు దొంగదారిన రాలేదు. పాస్‌పోర్టు జేబులో పెట్టుకుని, పట్టపగలు, రోడ్డు మీద నడిచి, గేటు దగ్గరికొచ్చి అడిగాడు. ఆ రోజు గేట్ల దగ్గరున్న ఉద్యోగులు చెడ్డవాళ్లని కూడా నేననను. ఎవరి పుస్తకంలో ఉన్న నియమం వాళ్లు చెప్పారు. రెండు నియమాలూ రెండు వైపులా సరిగ్గానే ఉన్నాయి. మనిషి మాత్రం మందుపాతరల మధ్య కారు డొక్కు నీడలో ఉన్నాడు.

అనంతపురంలో మా ఇంటికొచ్చినవాళ్లు ఇప్పటికీ అడుగుతారు: "సహారాలో భయం వెయ్యలేదా నాయనా, అక్కడ మనుషులు చచ్చిపోతుంటారంట గదా?" చచ్చిపోతుంటారు. నిజమే. పత్రికల్లో ఆ వార్త ఎప్పుడొచ్చినా వాక్యం ఒకేలా ఉంటుంది: ఎడారి బలి తీసుకుంది, ఇసుక మింగింది, దాహం చంపింది. ఇసుకా దాహమూ కర్తలై కూర్చుంటాయి. ఆ వాక్యం మీదే నా పేచీ. ఎడారి దాటడం ప్రమాదమే, ఎవరూ కాదనరు. కానీ దాన్ని ప్రాణాలతో దాటే పద్ధతులు వెయ్యేళ్లుగా ఉన్నాయి. ఆ పద్ధతుల్ని మూసేసినవాళ్లు ఉన్నారు, మూసిన తేదీలు ఉన్నాయి, దానికి డబ్బు ఇచ్చినవాళ్లూ ఉన్నారు. ఇసుకని కర్తని చేస్తే వీళ్లంతా వాక్యంలోంచి తప్పుకుంటారు.

2023 జులైలో ట్యునీషియా–లిబియా సరిహద్దు ఎడారిలో పక్కపక్కనే బోర్లా పడి ఉన్న ఒక తల్లీ కూతుళ్ల ఫొటో లోకమంతా చూసింది. ఆ రోజుల్లో ట్యునీషియా అధికారులు వందల మంది నల్లజాతి వలసదారుల్ని తెచ్చి సరిహద్దు ఇసుకలో వదిలేస్తున్నారు. నీళ్లు లేవు, నీడ లేదు, జులై ఎండ. దాన్ని ఎడారి చంపడం అంటే, బావిలోకి తోసినవాణ్ణి వదిలేసి బావి మీద కేసు పెట్టినట్టే.

సహారాని పాతకాలం వాళ్లు గోడ అనుకోలేదు. సముద్రం అనుకున్నారు. దక్షిణపు అంచుని సాహెల్ అంటారు కదా, అరబ్బీలో సాహిల్ అంటే ఒడ్డు. హైదరాబాదులో ఉర్దూ వినే చెవులకి ఈ మాట కొత్తది కాదు. ఒడ్డున రేవులుండేవి: ఉత్తరాన సిజిల్మాసా, దక్షిణాన వలాటా, టింబక్టు, అగాడెజ్. ఇటు నుంచి ఉప్పు, అటు నుంచి బంగారం.

ఇబ్న్ బతూతా 1352 ఫిబ్రవరిలో సిజిల్మాసా నుంచి ఒంటెల బిడారుతో బయల్దేరాడు. 25 రోజులకి తఘాజా అనే ఉప్పుగనుల ఊరు చేరాడు. అక్కడ ఇళ్ల గోడలు ఉప్పు పలకలు, పైకప్పులు ఒంటె తోళ్లు. అక్కడి నుంచి వలాటా దాకా నీళ్లు దొరకని గడ్డు దారి. దానికి వాళ్లు చేసిన ఏర్పాటు ఆయన రాతలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన భాగం. మసూఫా తెగ మనిషిని ఒకణ్ణి కూలికి మాట్లాడి ముందుగా ఒంటరిగా వలాటాకి పంపుతారు. అతన్ని తక్షీఫ్ అంటారు. బిడారులోని వాళ్లంతా వలాటాలో తమకి తెలిసినవాళ్లకి ఉత్తరాలు రాసి అతని చేతికిస్తారు. ఉత్తరం అందుకున్నవాళ్లు నాలుగు రోజుల దారి ఎదురొచ్చి నీళ్లు అందిస్తారు. తక్షీఫ్ దారి తప్పి పోతే ఊళ్లో ఎవరికీ కబురు తెలియదు, బిడారు మొత్తమో చాలా భాగమో పోతుంది. ఇబ్న్ బతూతా వాళ్లు ఆ ఒక్క ప్రయాణానికి అతనికిచ్చింది నూరు మిస్కాళ్ల బంగారం.

మా వైపు ఎండాకాలం వస్తే బస్టాండు దగ్గర తాటాకు పందిరేసి, కుండలు పెట్టి, చలివేంద్రం నడుపుతారు. దాహంతో వచ్చినవాడి కులం, ఊరు అడక్కుండా చెంబు అందించడమే అందులోని పుణ్యమంటారు. వలాటా వాళ్లు నాలుగు రోజుల దారి పోయి చలివేంద్రం పెట్టేవాళ్లు. ఎడారి ప్రయాణంలో ఒంటె కన్నా, బావి కన్నా ముఖ్యమైంది ఇదే అని నా నమ్మకం: నువ్వు వస్తున్నావని అవతలి ఒడ్డున ఒకరికి తెలిసి ఉండటం.

ఆ కాలమంతా బంగారు కాలమని చెప్పబోవడం లేదు. అదే బిడార్లలో బానిసల్ని నడిపించుకుపోయారు. ఇబ్న్ బతూతా తిరుగుదారిలో తకద్దా నుంచి కలిసి వచ్చిన బిడారులో ఆరు వందల మంది బానిస స్త్రీలున్నారని ఆయనే రాశాడు. ఆ నీళ్ల ఏర్పాటు వాళ్ల ఇష్టంతో చేసిన ప్రయాణం కోసం కాదు. దారిని మెచ్చుకుంటూ దాని మీద నడిచిన ఆ పాదాల్ని మర్చిపోతే నా మాటకి విలువుండదు.

గీతలు ఆ తర్వాత వచ్చాయి. ఈ ఎడారి మీద ఇప్పుడున్న సరిహద్దుల్లో చాలా భాగం ఫ్రెంచి సామ్రాజ్యం తన పరిపాలన సౌకర్యానికి గీసుకున్నవి. కలెక్టరు కచేరీలు పంచుకున్నట్టు గీసిన గీతలే తర్వాత దేశాలయ్యాయి. ఎడారి తెగ తువారెగ్‌లు అల్జీరియా, మాలీ, నైజర్, లిబియా, బుర్కినా ఫాసోల మధ్య చీలిపోయారు. ఈజిప్టు–సూడాన్ మధ్య 1899లో ఒక గీత, 1902లో ఇంకో గీత గీశారు బ్రిటిష్‌వాళ్లు. చెరో దేశం తనకి లాభమైన గీతని పట్టుకుంది. ఫలితంగా బీర్ తవీల్ అనే రెండు వేల చదరపు కిలోమీటర్ల ముక్క రెండు దేశాలూ వద్దనేదిగా మిగిలిపోయింది. మనకి పొలం గట్టు జానెడు జరిగితే కోర్టుకెళ్తారు. అక్కడ కొన్ని మండలాలంత నేల ఎవరికీ అక్కర్లేదు.

మొరాకో–అల్జీరియా నేల సరిహద్దు 1994లో మూతపడింది. ఇప్పటికీ తెరుచుకోలేదు. మొరాకో ఊరు ఉజ్దా పక్కన జూజ్ బ్గాల్ అనే గేటు ఉంది, రెండు కంచర గాడిదలు అని ఆ పేరుకి అర్థం. ఆ గేటుకి అటూ ఇటూ ఉన్నవాళ్లు ఒకే మాట మాట్లాడతారు, ఒకే తిండి తింటారు, వియ్యాలందుకున్న కుటుంబాలు. చావుకో పెళ్లికో వెళ్లాలంటే విమానం. 2021లో దౌత్య సంబంధాలు కూడా తెగి, ఆకాశం కూడా మూతపడ్డాక ఇంకో దేశం మీదుగా చుట్టు తిరిగి పోవాలి. మొరాకో వైపున్న ఫిగీగ్ ఒయాసిస్ రైతుల కథ ఇంకా కష్టంగా ఉంటుంది. సరిహద్దు అవతలికి జారిన అర్జా అనే చోట వాళ్లకి ఖర్జూర తోటలున్నాయి, తాతల నాటి నుంచి చేసుకుంటున్నారు. 2021 మార్చిలో అల్జీరియా వాళ్లని ఖాళీ చేయమంది. చెట్టు కళ్లకి కనిపిస్తుంటుంది, గెల కోయడానికి లేదు. రైతు బిడ్డకి ఆ బాధ విడమర్చి చెప్పక్కర్లేదు.

ఇక నైజర్. నా వాదనంతా దీని మీదే నిలబడుతుంది. నేను అక్కడికి వెళ్లలేదు. ఏళ్ల తరబడి చదివిందీ, ఆ దారిన వచ్చి కాసాబ్లాంకా చేరినవాళ్ల నోట విన్నదీ చెబుతున్నాను.

అగాడెజ్ ఎడారి రేవు. మట్టితో కట్టిన 27 మీటర్ల మినార్ ఆ ఊరి గుర్తు. పశ్చిమాఫ్రికా దేశాల కూటమి 1979లో చేసుకున్న ఒప్పందం ప్రకారం ఒక సభ్యదేశం మనిషి ఇంకో సభ్యదేశంలోకి వీసా లేకుండా పోయి 90 రోజులు ఉండొచ్చు. 2025 జనవరిలో బయటికొచ్చేదాకా నైజర్ కూడా ఆ కూటమిలో ఉండేది, అంటే ఆ రోజుల్లో సెనెగల్ వాడో, నైజీరియా వాడో అగాడెజ్ దాకా రావడం పూర్తిగా చట్టబద్ధం. అక్కడ బస్టాండులో దిగి, జెర్రీక్యాన్ కొని, దానికి గోనెపట్టా చుట్టి తడిపి, పేరు రాసి, టొయోటా హైలక్స్‌కి వేలాడదీసేవాళ్లు. ఒక్కో బండి వెనక పాతిక ముప్పై మంది. అంచున కూర్చునేవాళ్లు పడిపోకుండా కాళ్ల మధ్య కర్రలు దిగేసేవాళ్లు. వారానికోసారి సైన్యం కాన్వాయ్ లిబియా దారిలోని దిర్కూ వైపు కదిలేది, ఈ బండ్లు దాని వెనక కట్టేవి. ఒక బండి చెడిపోతే వెనక బండి వాడు చూస్తాడు. దారి పొడుగునా బావులు. డ్రైవరు ఆ ప్రాంతపు మనిషి, ఊళ్లో అందరికీ తెలిసినవాడు, పాసింజర్లని ఎక్కడైనా వదిలేసి వస్తే మొహం చూపించలేడు. సుఖమైన ప్రయాణం కాదు, మంచి వ్యాపారమూ కాదు. కానీ అందరి కళ్ల ముందూ జరిగేది.

2015 మేలో నైజర్ ఒక చట్టం చేసింది. వలసదారుల్ని సరిహద్దు దాటించడం నేరం. ఐరోపా సమాఖ్య ఒత్తిడీ, ఆ ఏడాది నవంబరులో మాల్టాలో జరిగిన వలెట్టా సమావేశం తర్వాత వచ్చిన డబ్బూ దాని అమలు వెనక ఉన్నాయి. 2016లో అమలు మొదలైంది. డ్రైవర్లని పట్టుకున్నారు, బండ్లు లాక్కున్నారు. సొంత దేశంలో, లిబియా సరిహద్దుకి వందల కిలోమీటర్ల ఇవతల, అగాడెజ్ దాటి ఉత్తరంగా మనిషిని బండెక్కించుకోవడమే అనుమానం కిందికొచ్చింది.

ప్రయాణాలు ఆగలేదు, దారి మారింది. సైన్యం ఉన్న చోట బావి ఉంటుంది, బావి ఉన్న చోట సైన్యం ఉంటుంది. సైన్యాన్ని తప్పించుకోవాలంటే బావిని తప్పించుకోవాలి. బండ్లు రాత్రిపూట, లైట్లు ఆర్పి, ఒంటరిగా, జాడ లేని ఇసుకలోకి పోవడం మొదలైంది. దూరాన గస్తీ బండి దుమ్ము కనపడితే డ్రైవరు పాసింజర్లని దింపేసి పారిపోతాడు, పట్టుబడితే జైలు కాబట్టి. ఊళ్లో పేరున్న పాత డ్రైవర్లు మానుకున్నారు. వాళ్ల చోట తెగించినవాళ్లు వచ్చారు. వెనక బండి లేదు, కాన్వాయ్ లేదు, వస్తున్నారని అవతల ఎవరికీ తెలియదు. తక్షీఫ్ లేని బిడారు. ఇసుకలో దొరికే శవాలు ఎక్కువయ్యాయి.

ఒక ఎదురు మాట ఉంది, దాన్ని దాటేసి పోకూడదు. 2013 అక్టోబరులో, అంటే చట్టానికి ముందే, నైజర్–అల్జీరియా సరిహద్దు దగ్గర 92 శవాలు దొరికాయి. ఎక్కువమంది పిల్లలు, ఆడవాళ్లు. నైజర్‌లోని జిండేర్ ప్రాంతం నుంచి అల్జీరియాకి వెళ్తున్నవాళ్లు. బండి చెడిపోయింది, సాయం కోసం వెళ్లిన బండి చేరలేదు, దాహంతో పోయారు. చట్టం రాకముందూ ఇలా జరిగింది కదా, దళారుల్ని అదుపు చేయొద్దా అని అడిగితే, చేయాలి. బండిలో ఎంతమంది ఎక్కాలి, ఎన్ని నీళ్లుండాలి, స్పేర్ పార్టులు, ఫోను, కాన్వాయ్‌లో పేరు రాయించడం, ఇవన్నీ నియమం పెట్టి పట్టుకుని అడగాలి. మా ఊళ్లో ఆటోలో పన్నెండు మందిని ఎక్కిస్తే ఆటోని ఆపి ఫైను వేస్తారు, ఊరికి రోడ్డు మూసెయ్యరు. 92 మంది చావుకి జవాబుగా కాన్వాయ్‌కి అంబులెన్సు కట్టాల్సింది. దారినే నేరం చేశారు.

2023 నవంబరులో నైజర్ సైనిక ప్రభుత్వం ఆ చట్టాన్ని రద్దు చేసింది. ఐరోపా మీద కోపంతో చేసిందే అయినా, అగాడెజ్‌లో బండ్లు మళ్లీ పగటి వెలుతురులో కదిలాయి. ప్రజలు ఎన్నుకున్న ప్రభుత్వం చేసిన చట్టం మనుషుల్ని చీకట్లోకి తోసింది, తుపాకీతో వచ్చిన ప్రభుత్వం దాన్ని తీసేసింది. ఈ రెండూ నా మనసులో ఇప్పటికీ సరిగ్గా ఇమడవు.

అల్జీరియా వైపు మాత్రం వేరే పని నడుస్తూనే ఉంది. ఊళ్లలో పట్టుకున్న వలసదారుల్ని లారీల్లో తెచ్చి, సరిహద్దులో 'పాయింట్ జీరో' అనే చోట ఇసుకలో దింపేస్తారు. అక్కడి నుంచి నైజర్‌లోని అసమకా ఊరు సుమారు 15 కిలోమీటర్లు. చాలాసార్లు దింపేది రాత్రిపూట. దూరాన మినుకుమనే దీపాల వైపు నడవాలి. దారి తప్పితే అంతే. ఇలా దిగినవాళ్ల కోసం బండ్లేసుకుని వెతికే అలార్మ్ ఫోన్ సహారా అనే సంఘం లెక్క ప్రకారం 2024 ఒక్క ఏడాదిలోనే ఇలా గెంటేసినవాళ్లు 30 వేలకు పైన. దాటడానికి వెళ్లినవాడు ఎడారిలో పోతే దళారిని తిడతాం. ప్రభుత్వమే లారీలో తెచ్చి ఎడారిలో దింపితే ఎవర్ని తిట్టాలి?

భద్రత సంగతేమిటని అడుగుతారు, అడగాలి కూడా. 2003లో దక్షిణ అల్జీరియాలో 32 మంది ఐరోపా యాత్రికుల్ని సాయుధ ముఠా ఎత్తుకుపోయింది. 2007 డిసెంబరులో మారిటానియాలోని అలెగ్ దగ్గర నలుగురు ఫ్రెంచివాళ్లని కాల్చి చంపారు. దాంతో 2008 డాకర్ కార్ల ర్యాలీ రద్దయి, మరుసటేడాది దక్షిణ అమెరికాకి తరలిపోయింది. 2011లో లిబియా కూలిపోయాక ఆయుధాలు ఇసుకలో నీళ్లలా పారాయి. తనిఖీలు అక్కర్లేదని నేననను.

కానీ అప్పట్లో మారిటానియా ఎడారిని మూయలేదు. ఒంటెల మీద తిరిగే సైనిక దళాల్ని నిలబెట్టింది, రోడ్ల మీద జెండార్మ్‌ల, అంటే సైనిక పోలీసుల, చెక్‌పోస్టులు పెట్టింది, ఎవరు ఎటు పోతున్నారో రాసుకుంది. 2011 తర్వాత ఆ దేశంలో పెద్ద దాడి జరగలేదు. ఆ రాసుకోవడం సంగతి నాకు చేతులారా తెలుసు. పశ్చిమ సహారా ఊరు దాఖ్లాలో బయల్దేరే ముందే అనుభవజ్ఞులు చెప్పారు, 'ఫీష్'లు ముప్పై కాపీలు తీసుకో అని. ఒక కాగితం మీద పేరు, పుట్టిన తేదీ, పాస్‌పోర్టు నంబరు, వృత్తి, ఎక్కడి నుంచి ఎక్కడికి, అంతే. మారిటానియాలో నువాదిబూ నుంచి రాజధాని నువాక్షోట్ దాకా 470 కిలోమీటర్లలో చెక్‌పోస్టు వచ్చిన ప్రతిసారీ కిటికీలోంచి ఒకటి అందించాను. జెండార్మ్ తీసుకుని చెయ్యెత్తి పంపేవాడు. మొదట విసుగేసింది. నాలుగోదో ఐదోదో ఇచ్చేసరికి వేరే ఆలోచన వచ్చింది: నేను తర్వాతి పోస్టుకి చేరకపోతే ఎక్కడ వెతకాలో వీళ్లకి తెలుసు. ఇది తక్షీఫ్ చేతి ఉత్తరమే కదా.

ఆ కాగితం రెండు వైపులా కోస్తుందని తర్వాత తెలిసింది. 2024లో కానరీ దీవులకి పడవల్లో చేరినవాళ్లు 46 వేలకు పైన. వాళ్లలో చాలామంది మారిటానియా తీరం నుంచే బయల్దేరారు. ఆ ఏడాది మార్చిలో ఐరోపా సమాఖ్య మారిటానియాకి 21 కోట్ల యూరోల సాయం ప్రకటించింది, వలసల అదుపు అందులో ముఖ్యమైన పద్దు. 2025లో నువాక్షోట్, నువాదిబూ వీధుల్లో వలస కూలీల్ని పట్టుకుని సెనెగల్ సరిహద్దులోని రోసో దగ్గరా, మాలీ సరిహద్దులోని గోగీ దగ్గరా వదలడం మొదలైంది. ప్రయాణికుణ్ణి కాపాడటానికి పనికొచ్చే రాతే ప్రయాణికుణ్ణి పట్టుకోవడానికీ పనికొస్తుంది. నేను మెచ్చుకున్న ఏర్పాటు ఇలా తిరగబడటం నాకు చాలా కష్టంగా ఉంది, అయినా దాచను.

మనుషులకి ఇంత కష్టమైన చోట సరుకు ఎంత సులువుగా పోతుందో నాకు దగ్గర్నుంచి తెలుసు. మొరాకోలో నేను పనిచేసింది ఫాస్ఫేటు ఎరువుల రంగంలోనే. పశ్చిమ సహారాలోని బూక్రా గని నుంచి లాయూన్ రేవు దాకా దగ్గర దగ్గర వంద కిలోమీటర్ల కన్వేయర్ బెల్టు ఎడారి మీద పరిచి ఉంటుంది. ఎర్ర ఇసుక మీద గాలికి రాలిన తెల్లటి ఫాస్ఫేటు పొడి గీతలా కనిపిస్తుంది. మొరాకో ఎగుమతి చేసే ఫాస్ఫేటుకీ, ఫాస్ఫారిక్ ఆమ్లానికీ, డీఏపీకీ మన దేశం పెద్ద ఖాతాదారు. మా నాయన వేరుశనగకి అడుగు మందు వేసేటప్పుడు ఆ బస్తాలో సహారా అంచు నుంచి వచ్చిన మన్ను ఉందని ఆయనకి చెబితే నమ్మలేదు. అదే నేల మీద పుట్టిన సహ్రావీలు వేల మంది 1975–76 యుద్ధం నాటి నుంచి అల్జీరియాలోని టిందూఫ్ శిబిరాల్లో ఉన్నారు. మధ్యలో మొరాకో కట్టిన 2,700 కిలోమీటర్ల ఇసుకకట్ట, దాని వెంబడి మందుపాతరలు. మన్ను దాటి మా చేలోకి వచ్చింది, మనిషి దాటలేదు.

గెర్గరాత్‌లో ఆ నాలుగైదు కిలోమీటర్లు ఏళ్ల తరబడి రాళ్లూ ఇసుకగానే ఉన్నాయి. 2020 అక్టోబరులో, పశ్చిమ సహారా స్వాతంత్ర్యం కోసం పోరాడే పోలిసారియో సంస్థ మద్దతుదార్లు దారికి అడ్డం కూర్చున్నారు. మూడు వారాలు లారీలు నిలిచిపోయాయి, నువాక్షోట్ బజారులో కూరగాయల ధర పెరిగింది. నవంబరు 13న మొరాకో సైన్యం దిగింది, 1991 నాటి కాల్పుల విరమణ చెల్లదని పోలిసారియో ప్రకటించింది. ఆ తర్వాత అక్కడ తారు పడింది. టమోటా లారీలు ఇప్పుడు కుదుపు లేకుండా పోతాయి. రోడ్డు వేయడానికి ఎవరికీ చేతకాక ఆగలేదన్నమాట.

మన పాస్‌పోర్టు సంగతి కూడా ఒక్కమాట. 2023 ఏప్రిల్ 15న సూడాన్‌లో యుద్ధం మొదలైనప్పుడు మన తెలుగువాళ్లు కూడా ఖార్టూమ్‌లో చిక్కుకున్నారు. ఆపరేషన్ కావేరిలో మన ప్రభుత్వం బస్సుల్లో ఎనిమిది వందల కిలోమీటర్లకు పైగా ఎడారి దాటించి, పోర్ట్ సూడాన్‌లో ఓడలూ విమానాలూ ఎక్కించి, ఎక్కువమందిని జెడ్డా మీదుగా, మొత్తం 3,862 మందిని ఇంటికి చేర్చింది. ఆ వార్తలు చదువుతూ ఎంత గర్వపడ్డానో చెప్పలేను. అవే రోజుల్లో సూడాన్ వాళ్లు ఈజిప్టు సరిహద్దులోని అర్గీన్ గేటు దగ్గర బస్సుల్లో రోజుల తరబడి కాచుకున్నారు. అంతదాకా ఆడవాళ్లకీ, పిల్లలకీ, యాభై దాటిన మగవాళ్లకీ ఈజిప్టు వీసా అడిగేది కాదు. జూన్‌లో అందరికీ వీసా తప్పనిసరి చేసింది. అదే ఎడారి, అదే ఎండ, అవే బస్సులు. మనవాళ్లు వస్తున్నారని ఒడ్డున ఎదురుచూసే ఒక దేశం ఉంది.

నేను కోరేది సరిహద్దులు చెరిపెయ్యమని కాదు. నా కోరికలు చాలా చిన్నవి. ఎగ్జిట్ స్టాంపు వేసిన దేశం, అవతలివాళ్లు వెనక్కి పంపితే, ఫీజు అడక్కుండా ఆ మనిషిని మళ్లీ లోపలికి రానివ్వాలి. ఎవర్నైనా పంపించేయాలంటే ఇంకో దేశపు అధికారి చేతికి, పేరు రాసి, పగటిపూట అప్పగించాలి, ఇసుకలో దింపకూడదు. ప్రతి గేటు దగ్గరా నీళ్లూ నీడా ఉండాలి. నియమం మారితే గేటు దగ్గర కాదు, బయల్దేరే ఊరి బస్టాండులో ఆ ఊరి భాషలో చెప్పాలి. 2025 జనవరి నుంచి మారిటానియా కూడా వీసాని ఆన్‌లైన్ చేసింది. నాకు ఫోనుంది, కార్డుంది, నిమిషాల్లో నింపుతాను. ఆ కారు డొక్కు నీడలో కూర్చున్న పిల్లాడు ఏ సిగ్నలుతో నింపాలి?

ఆ రోజు అతను డబ్బు అడగలేదు. నా ఒళ్లోని ఫీష్‌ల కట్ట చూసి ఒక కాగితం ఇమ్మన్నాడు. నేను ఇచ్చిన పెన్నుతో, నా పేరూ పుట్టిన తేదీ ఉన్న కాగితం వెనక ఒక ఫోన్ నంబరు రాశాడు. సిగ్నలున్న చోటికి చేరాక ఇంటికి ఫోన్ చెయ్యి తోంతో, బాగున్నానని చెప్పు చాలు అన్నాడు. పర్సులోని యూరోలు లెక్కపెట్టాను. నా వీసాకి పోగా మిగిలింది అతనికి సరిపోలేదు. ఉన్నంత ఇచ్చాను, సెనెగల్ అక్క కూడా మూట విప్పి కొంత ఇచ్చింది. మిగతాది మా డ్రైవరు తర్వాతి ట్రిప్పులో చూస్తానన్నాడు. చూశాడో లేదో నాకు తెలియదు.

నువాదిబూ చేరేసరికి చీకటి పడింది. హోటలు మెట్ల మీద నిలబడి ఆ నంబరుకి చేశాను. ఎవరో మగమనిషి ఎత్తాడు, అన్నో మామో. నాకొచ్చిన ఫ్రెంచిలో చెప్పాను: మీవాణ్ణి చూశాను, బాగున్నాడు, రెండు గేట్ల మధ్య ఉన్నాడు. రెండు గేట్ల మధ్య అంటే ఏమిటని అడిగాడు. ఎంత చెప్పినా అతనికి అర్థం కాలేదు. వెనకాల ఒక ఆడమనిషి గొంతు వాళ్ల భాషలో ఒకే మాట పదే పదే అడుగుతోంది. కాసేపటికి అతను ఆ మాట నాకు ఫ్రెంచిలో చెప్పాడు.

"అమ్మ అడుగుతోంది, అక్కడ నీళ్లున్నాయా అని."